పలక నుండి ట్యాబ్ దాకా: గోనెగండ్ల ప్రాంతపు బడులలో చదువు పరికరాల చరిత్ర

వ్యాససంగ్రహం:

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో 2022 డిసెంబరు నుండి ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబులు పంపిణీ అయ్యాయి. ఈ ఘటనను పూర్వాపరాలు లేని నూతన ఆవిష్కరణగా చూడడం పరిపాటి అయింది. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని గోనెగండ్ల, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని, 1823 నాటి బళ్ళారి కలెక్టరు నివేదిక మొదలుకొని నేటి ట్యాబు దాకా పిల్లల చేతికి అందిన చదువు పరికరాల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరికరం మారిన ప్రతిసారీ పాఠ్యభాష, గురువు, బడికి రాలేని పిల్లవాడు అనే మూడు ప్రశ్నలు ఏ రూపంలో తిరిగి వచ్చాయో చర్చిస్తుంది.

కీలకపదాలు: పలక, కడితం, వీధిబడి, కాంప్‌బెల్ నివేదిక, సైట్ ప్రయోగం, ట్యాబు, సుగ్గి.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో 'పలక' అంటే చెక్క. అది రాతకు పనికివచ్చేలా నునుపు చేసిన చెక్క అయింది, ఆ తరువాత రాతిబిళ్ళ అయింది. ఇంగ్లీషు 'టాబ్లెట్' మాట పుట్టుక కూడా ఇటువంటిదే. చెక్కబల్లను చెప్పే లాటిన్ పదం 'టాబులా' దానికి మూలం. పిల్లలు 'ట్యాబు' అని కుదించి పిలిచే వస్తువు పేరుకు తెలుగు అనువాదం వెదకబోతే, చివరికి చేతికి చిక్కేది పలకే. ఇది కేవలం మాటల పొంతన అనుకోవచ్చు. కానీ గోనెగండ్ల వంటి ఊరి బడి చరిత్రను చూసినప్పుడు ఈ పొంతన వెనుక పాత ప్రశ్నలు కొన్ని కనబడతాయి.

గోనెగండ్ల మండలం ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండల నడుమ ఉంది. హంద్రీ నది మీది గాజులదిన్నె జలాశయం ఈ మండలంలోనిదే. ఆదోని తాలూకా 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడే దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. పత్తికొండ తాలూకా 1858 దాకా బళ్ళారి కిందనే ఉండి, ఆ ఏడు కర్నూలుకు మారింది. కనుక 1823 నాటి బళ్ళారి జిల్లా బడుల లెక్క అంటే ఈ ప్రాంతపు లెక్క కూడా. కర్నూలు జిల్లా విద్యాచరిత్ర రాసినవారు ఈ సరిహద్దుల మార్పు కారణంగా బళ్ళారి నివేదికను తమది కాదని విడిచిపెట్టడం కద్దు. అది సరికాదు.

2. కాంప్‌బెల్ లెక్క:

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్ 25న రాష్ట్రంలోని బడుల స్థితిని తెలుసుకోవాలని ఉత్తర్వు రాశాడు. మన్రోకు ఈ సీమ కొత్త కాదు. 1800 నుండి 1807 దాకా దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఊరూరా తిరిగినవాడు. 1827 జూలై 6న కలరాతో కన్నుమూసింది కూడా గోనెగండ్లకు దక్షిణాన ఉన్న పత్తికొండలోనే. ఆయన ఉత్తర్వుకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం అంకెల పట్టికలు. బళ్ళారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ కాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న పంపిన జవాబు మాత్రం వేరు. ఆయన 1816లో తెలుగు వ్యాకరణాన్ని అచ్చువేయించిన పండితుడు. బడి లోపలికి వెళ్ళి చూసినవాడిలా రాశాడు. ధర్మపాల్ 1983లో వెలువరించిన 'ది బ్యూటిఫుల్ ట్రీ' గ్రంథంలో ఈ నివేదిక పూర్తిపాఠం ఉంది.

జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదివేవారు 6,641 మంది. అంటే బడికి పన్నెండుగురు, జనంలో వెయ్యికి ఏడుగురు. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235, మరాఠీవి 23, పారసీవి 21, తమిళానివి 4, ఇంగ్లీషు నేర్పేది ఒక్కటే. మిగిలిన 23 బ్రాహ్మణ విద్యార్థులకు సంస్కృతం నేర్పేవి. ఆడపిల్లలు అరవై మంది మాత్రమే. ఈ చివరి అంకెను పక్కకు నెట్టి, ఆ కాలపు దేశీయ విద్యను స్వర్ణయుగంగా వర్ణించే ధోరణి కొన్ని రచనల్లో ఉంది. తెలుగు, కన్నడ బడులు దాదాపు సమానంగా ఉండడం ఈ సరిహద్దు సీమ స్వభావాన్ని చెబుతుంది. నేటికీ ఆదోని పరిసరాల్లో తెలుగుతో పాటు కన్నడ, ఉర్దూ మాధ్యమాల బడులు నడుస్తున్నాయి.

బడుల సంఖ్య తగ్గుతున్నదని కాంప్‌బెల్ స్పష్టంగా రాశాడు. మునుపు బడి ఉన్న పల్లెల్లో ఇప్పుడు లేదన్నాడు. దానికి ఆయన చూపిన కారణం ప్రజల పేదరికం. ఇంగ్లండు బట్ట దిగుమతి అయి ఇక్కడి నేతవారి జీవనం దెబ్బతిన్నదని కంపెనీ ఉద్యోగి స్వయంగా ఒప్పుకున్న అరుదైన సందర్భమిది. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. శతాబ్దం దాటిన తరువాత, 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పవలసి వచ్చిన నేపథ్యం ఈ నివేదికలోనే మొదలవుతుంది. చదువు పరికరాల చరిత్రలో మగ్గం ప్రసక్తి ఎందుకని తోచవచ్చు. మగ్గం ఆగిన ఇంటి పిల్లవాడు బడి మానడం ఆ పరికరాలన్నిటికంటే ముందటి సంగతి.

3. ఇసుక, పలక, కడితం:

కాంప్‌బెల్ వర్ణించిన బడిలో పిల్లవాడు అయిదో ఏట చేరతాడు. తెల్లవారి ఆరు గంటలకే బడి. ముందుగా వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ పైన వచ్చేవారికి ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. అక్షరాలు మొదట నేలమీద పరచిన ఇసుకలో వేలితో దిద్దాలి. తెలుగులో 'గుంట ఓనమాలు' అన్న మాట ఈ అలవాటు మిగిల్చిన జ్ఞాపకమే. ఆ తరువాత తాటాకు మీద గంటం, కాగితం మీద కలం, లేదా పలక మీద బలపం.

పలక తయారీని ఆయన వివరంగా చెప్పాడు. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న చెక్కను నునుపు చేసి, అన్నం, బొగ్గుపొడి కలిపి పూస్తారు. రెండో రకం బట్టతో చేసేది. బట్టకు గంజి పెట్టి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గు, జిగురులు కలిపిన పూత పూస్తారు. ఇదే తెలుగువారి కడితం. వర్తకుల లెక్కలకూ, మఠాల పత్రాలకూ వాడిన వస్తువు. దేని మీద రాసినా తడిగుడ్డతో తుడిచివేయవచ్చు. రాసేది బలపంతో. అది తెల్లని మట్టిరకం ముక్క.

ఈ పరికరానికి మూడు గుణాలున్నాయి. ఊళ్ళోనే తయారవుతుంది. పాడైతే ఊళ్ళోనే, చాలాసార్లు ఇంట్లోనే బాగవుతుంది. తుడిచి మళ్ళీ రాయవచ్చు కనుక తప్పు రాయడానికి పిల్లవాడు భయపడనక్కరలేదు. తరువాతి తరాల రాతిపలకకూ దొండాకు పసరు, బొగ్గు రుద్ది నలుపు తెప్పించడం పల్లె పిల్లలకు తెలిసిన విద్యే. కాంప్‌బెల్ కూడా ఈ పొదుపునే మెచ్చుకున్నాడు. పై తరగతి పిల్లలు కింది తరగతివారికి చదువు చెప్పే పద్ధతి ఇంగ్లండులో అనుకరించదగినదన్నాడు. నిజానికి ఆ అనుకరణ అప్పటికే జరిగింది. మద్రాసు ఎగ్మూరులోని అనాథాశ్రమంలో ఆండ్రూ బెల్ ఇసుకరాతనూ, పిల్లలే పిల్లలకు నేర్పే పద్ధతినీ ప్రవేశపెట్టి, 1797లో లండనులో పుస్తకం వేశాడు. అది 'మద్రాసు పద్ధతి' పేరిట ప్రచారమైంది. దక్షిణాది వీధిబడి పరికరం సముద్రం దాటి, పద్ధతి పేరుతో తిరిగివచ్చిందన్నమాట.

4. పరికరానికి లోపం లేదు, పాఠానికి ఉంది:

అదే నివేదికలో కాంప్‌బెల్ తీవ్రంగా విమర్శించిన అంశం పాఠ్యభాష. బడిలో చదివించే పద్యకావ్యాల భాషకూ పిల్లల వాడుకభాషకూ సంబంధం లేదన్నాడు. పిల్లలు అర్థం తెలియకుండా వల్లెవేస్తారు, చాలాచోట్ల చెప్పే పంతులుకూ అర్థం తెలియదు. దస్తూరి చక్కగా ఉంటుంది, లెక్కలు నోటికి వస్తాయి, కానీ చిన్న ఉత్తరం సొంతంగా రాయలేరు. పరికరం పనిచేస్తున్నది. అది మోస్తున్న పాఠమే పిల్లవాడికి చేరడం లేదు.

మన్రో 1826 మార్చి 10 నాటి తీర్మానంలో మొత్తం రాష్ట్రపు లెక్క తేల్చాడు. 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. జిల్లాలకూ తహసీళ్ళకూ ప్రభుత్వ బడులు పెట్టాలన్నాడు. ఆయన పోయిన తొమ్మిదేళ్ళకు, 1836లో తహసీలు బడులను ఎత్తివేశారు. పాఠ్యభాష ప్రశ్న మాత్రం నిలిచే ఉంది. 1832లో పుదూరు సీతారామశాస్త్రి రచించిన బాలశిక్ష పిల్లల కోసమని ప్రత్యేకంగా వెలసిన పుస్తకం. ఇరవయ్యో శతాబ్దారంభంలో గిడుగు రామమూర్తి బడి పుస్తకాల్లో శిష్టవ్యావహారికం కోసం పోరాడినప్పుడు లేవనెత్తిన వాదానికి కాంప్‌బెల్ నివేదికను తొలి సాక్ష్యాల్లో ఒకటిగా చూపవచ్చు.

5. రాతిపలక, ఆకాశపాఠం:

చెక్కపలకను రాతిపలక తోసిరాజన్నది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే దాకా కర్నూలు జిల్లాలో భాగమైన మార్కాపురం దేశంలోని బడులకు పలకలు పంపిన ఊరు. గనిలో రాయి తీయడం, పొరలుగా చీల్చడం, అంచులు కోయడం, చట్రం బిగించడం - ఇన్ని పనులమీద ఎన్నో కుటుంబాలు బతికాయి. నోటుపుస్తకం చవక కావడం, రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు రావడంతో ఆ పరిశ్రమ సన్నగిల్లింది. మిగిలిన గనుల రాయి ఇళ్ళ అలంకరణకు ఎగుమతి అవుతున్నది. ఒక జిల్లా తన పిల్లల చదువు పరికరాన్ని తానే తయారుచేసుకున్న కాలం దానితో ముగిసింది.

తరువాతి పరికరం ఆకాశం నుండి వచ్చింది. అమెరికా అంతరిక్షసంస్థ ఉపగ్రహం ఏటీఎస్-6 సహాయంతో 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 దాకా ఇస్రో, దూరదర్శన్ కలిసి 'సైట్' ప్రయోగాన్ని నడిపాయి. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు టెలివిజన్ పెట్టెలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో కర్నూలు ఒకటి. ఉదయం గంటన్నర సేపు 5 నుండి 12 ఏళ్ళ పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. తెలుగు పల్లెలకు తెలుగులోనే ప్రసారం చేశారు. ఈ ప్రయోగంలో భాగంగా పెద్దసంఖ్యలో ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ కూడా లభించింది. భాష, గురువు రెండింటినీ పట్టించుకున్న ప్రయోగమిది. కానీ పరికరపు యజమాని వేరు. ఏడాది గడువు తీరగానే ఉపగ్రహాన్ని అమెరికా తన అవసరాలకు తిరిగి తీసుకుంది. ప్రసారం ఆగింది.

2004 సెప్టెంబరు 20న ఇస్రో ప్రయోగించిన ఎడ్యుశాట్, ఉన్నత పాఠశాలల కంప్యూటరు గదులు ఆ బాటలో వచ్చినవే. కంప్యూటరు గదుల విషయంలో ఒక మాట చెప్పక తప్పదు. ప్రైవేటు సంస్థలతో గడువు ఒప్పందాల మీద యంత్రాలనూ, బోధకులనూ సమకూర్చుకున్నచోట, ఒప్పందం ముగియడంతో బోధకుడు వెళ్ళిపోయాడు, యంత్రం మాత్రం గదిలో ఉండిపోయింది.

6. ట్యాబు రాక:

చేతిలో పట్టే చదువుయంత్రం అనే ఊహ పాతది. అమెరికన్ కంప్యూటరు శాస్త్రవేత్త అలన్ కే 1972లో 'డైనాబుక్' పేరుతో అన్ని వయసుల పిల్లలకూ సొంత కంప్యూటరును ఊహించాడు. ఆయన దృష్టిలో అది పాఠం చూసే తెర కాదు, పిల్లవాడు తానే ఏదో ఒకటి తయారుచేసే సాధనం. భారతదేశంలో 2011 అక్టోబరు 5న కేంద్రప్రభుత్వం విడుదల చేసిన 'ఆకాశ్' ట్యాబుల కూర్పు హైదరాబాదులో జరిగింది. ధర తక్కువే. కానీ మందకొడి పనితీరు, అందించడంలో జాప్యం వల్ల ఆ పథకం నిలవలేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జూన్ 16న బైజూస్ సంస్థతో అవగాహన ఒప్పందం కుదుర్చుకుంది. అదే ఏడు డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబుల పంపిణీ మొదలైంది. ఎనిమిదో తరగతి విద్యార్థులకు 4,59,564, ఉపాధ్యాయులకు 59,176, మొత్తం 5,18,740. ప్రభుత్వం ప్రకటించిన వ్యయం 686 కోట్ల రూపాయలు. లెక్కవేస్తే ఒక్కొక్కటి సుమారు 13,200 రూపాయలు. 2023 డిసెంబరు 21న అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడతగా 4,34,185 ట్యాబుల పంపిణీని ప్రారంభించారు. పాఠాలను ముందే మెమరీ కార్డులో నింపి ఇవ్వడం ఈ పథకంలోని మేలైన నిర్ణయం. అంతర్జాలం సరిగా అందని పల్లెలో కూడా పాఠం తెరుచుకుంటుంది. కరోనా కాలంలో, 2020లో, దూరదర్శన్ సప్తగిరి పాఠాలకు టీవీ లేని ఇళ్ళ పిల్లలు దూరమైన అనుభవం అప్పటికి తాజాగా ఉంది.

పాఠాలు ఇంగ్లీషు, తెలుగు రెండింటిలో ఉన్నాయి. అయితే వాటి నేపథ్యం వేరు. 2019 నవంబరులో ప్రభుత్వం ఇంగ్లీషు మాధ్యమం వైపు మళ్ళుతూ 81, 85 సంఖ్యల ఉత్తర్వులు ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఆ వివాదం నడుమ ఒకవైపు ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ట్యాబు పాఠం ఈ సందిగ్ధంలోకే దిగింది. ఇంట్లో ఆదోని ప్రాంతపు తెలుగో, కన్నడమో, ఉర్దూనో మాట్లాడే పిల్లవాడికి తెరమీది ఇంగ్లీషు ఎంత దూరమో, ఆ పక్కనున్న పారిభాషిక తెలుగు కూడా కొన్నిసార్లు అంతే దూరం. 1823లో కాంప్‌బెల్ కావ్యభాష గురించి చెప్పినదే ఇక్కడ వేరే వేషంలో ఉంది.

ఇతర దేశాల అనుభవం ఈ అంశాన్ని మరికొంత స్పష్టం చేస్తుంది. పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకు చిన్న ల్యాప్‌టాపులు పంచిన పథకంపై 2012లో వెలువడిన అధ్యయనం 319 బడులను పరిశీలించి, గణితం, భాషల మార్కుల్లో మెరుగు కనబడలేదని తేల్చింది. కార్తీక్ మురళీధరన్ తదితరులు ఢిల్లీలో 'మైండ్‌స్పార్క్' అనే సాఫ్ట్‌వేరుపై జరిపిన పరిశోధనలో ఫలితం ఇందుకు భిన్నం. అక్కడ గణితం, హిందీ రెండింటిలోనూ నాలుగున్నర నెలల్లోనే గణనీయమైన ప్రగతి కనిపించింది. తేడా యంత్రంలో లేదు. ఢిల్లీ సాఫ్ట్‌వేరు పిల్లవాడు ఏ తరగతిలో కూర్చున్నాడన్నది పక్కనబెట్టి, నిజంగా ఏ మెట్టు మీద ఉన్నాడో అక్కడ నుండి మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతి పాఠాన్నే ఎనిమిదో తరగతి పిల్లలందరికీ నింపి ఇచ్చిన ట్యాబు, కూడికలో వెనుకబడిన పిల్లవాడికి చూడచక్కని మూసిన పుస్తకం. వీధిబడిలో పెద్దపిల్లవాడు చిన్నపిల్లవాడి పక్కన కూర్చొని చేసిన పని, అంటే ఎవరెక్కడ ఉన్నారో గుర్తించడం, యంత్రానికి కూడా నేర్పవలసిందే. 2023 జూలైలో యునెస్కో వెలువరించిన ప్రపంచ విద్యా నివేదిక సాంకేతికతనే ప్రధానాంశంగా తీసుకొని, అది ఎవరి షరతుల మీద బడికి వస్తున్నదని ప్రశ్నించింది.

ట్యాబు విషయంలో ఆ షరతులు త్వరగానే బయటపడ్డాయి. 2024 జూన్‌లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2024 జూలై 16న బెంగళూరులోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియకు అనుమతించింది. ఆ ఏడు డిసెంబరులో మూడో విడత పంపిణీ లేదు. ఏటీఎస్-6 వెళ్ళిపోయినప్పుడు పల్లెకు పెట్టె మిగిలినట్టు, ఇక్కడ పిల్లల చేతుల్లో పరికరాలు మిగిలాయి. పాఠాన్ని సవరించేవారు, చేర్చేవారు ఊళ్ళో లేరు. పరికరం పాడైతే దొండాకుతో బాగయ్యేది కాదు. రాజకీయ పక్షాలు ఈ పథకాన్ని పూర్తిగా పొగడడమో పూర్తిగా కొట్టివేయడమో చేస్తున్నాయి. పాఠాన్ని రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ సొంతంగా, ఉపాధ్యాయుల చేత రాయించి ఉంటే, సంస్థ కూలినా పాఠం నిలిచేదన్న చిన్న విషయం ఆ వాదాల్లో వినబడదు.

7. సుగ్గి పిల్లవాడు:

కర్నూలు పడమటి మండలాల చదువు చరిత్రను సుగ్గి ప్రస్తావన లేకుండా రాయలేం. కన్నడంలో పంటకోతల కాలాన్ని చెప్పే ఈ మాట ఇక్కడి తెలుగులో వలసకు పేరైంది. ఖరీఫ్ పైర్లు తేలిపోయాక ఆదోని, కోసిగి, మంత్రాలయం, ఎమ్మిగనూరు ప్రాంతాల కూలీ కుటుంబాలు గుంటూరు వైపు పత్తి తీయడానికీ, మిరపకాయ కోయడానికీ వెళతాయి. గాజులదిన్నె నీరు అందే పొలాలు కొన్నే. మిగిలినదంతా వానమీద ఆధారపడిన నేల. 2011 జనగణనలో జిల్లా అక్షరాస్యత 59.97 శాతం, స్త్రీలలో 49.78 శాతం. కాంప్‌బెల్ లెక్కలోని అరవై మంది ఆడపిల్లల నుండి ఇక్కడికి చేరడానికి నూట ఎనభై ఎనిమిది సంవత్సరాలు పట్టింది. పెద్దలు సుగ్గికి పోయినప్పుడు పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకునేందుకు ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు నడుపుతున్నది. అయినా చిన్నవాళ్ళను చూసుకునేందుకు పెద్దపిల్లను, కూలికి ఇంకొక చేయి తోడవుతుందని పెద్దపిల్లవాడిని వెంట తీసుకుపోవడం ఆగలేదు.

బడి గోడలకు కట్టుబడని తొలి పరికరం ట్యాబే. సైట్ టెలివిజన్ పెట్టె పల్లె వదిలి కదలదు. కంప్యూటరు గదికి తాళం ఉంటుంది. పాఠమంతా లోపలే ఉన్న ట్యాబు మాత్రం మూటలో కట్టుకొని మిరపతోట గట్టు దాకా పోగలదు. ఈ ప్రాంతానికి ఆ పరికరంతో నిజమైన ప్రయోజనం ఉన్నది ఇక్కడే. దానికి కావలసినవి పెద్దవేమీ కావు. గుడారంలో చార్జింగుకు ఏర్పాటు, వెళ్ళినచోటి దగ్గరి బడిలో వారానికొకసారి ఆ పిల్లవాడి పాఠం చూసే ఉపాధ్యాయుడు, తిరిగివచ్చాక ఎక్కడ ఆగాడో అక్కడ నుండి మొదలుపెట్టే పాఠక్రమం. పథకం పిల్లవాడు బడిలోనే ఉంటాడన్న ఊహమీద తయారైంది. రెండు విడతల పంపిణీ కూడా డిసెంబరు 21నే మొదలైంది. పడమటి మండలాల్లో ఆ వేళకు సుగ్గి బండ్లు కదిలి చాలా రోజులై ఉంటుంది. వెళ్ళినవారు ఊరికి తిరిగివచ్చేది ఉగాదికి అటూ ఇటూ.